లాభంతో మొదలయ్యే ఎక్కాలు

మొన్న ఆషాఢంలో రెండో బుధవారం, పొద్దున పదకొండు దాటి ఐదు నిమిషాలకు, నేను వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తుండగా బడి నుంచి ఫోను వచ్చింది. వారమూ వేళా ఇంత పట్టుగా చెప్పడం నా ఈడు వాళ్లకు చాదస్తంగా తోచదనే ధైర్యంతోనే చెబుతున్నాను. ముప్ఫై రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఏ సంగతి ఎప్పుడు మొదలైందో తెలియకపోతే నాకు ఆ సంగతి మనసులో నిలవదు. లాల్‌దర్వాజ సందులో బోనాల డప్పులవాళ్లు మంటపెట్టి తోలు కాచుకుంటున్నారు, మధ్యమధ్య వాయించి చూసుకుంటున్నారు, అందుకని ఫోనులో గొంతు మొదట సరిగా వినబడలేదు. మా బడి ఇప్పటి హెడ్మిస్ట్రెస్. ఒకప్పుడు నా మూడో తరగతి పిల్ల, పదమూడో ఎక్కం దగ్గర ప్రతిసారీ ఏడ్చేది.

"టీచర్, ఎనిమిదో తరగతి పిల్లలతోటి పరేషానున్నది. ఏ ప్రాజెక్టు ఇచ్చినా ఫోన్ల నుంచి దింపుకొచ్చి పైన పేరు రాసుకుంటున్రు. కాపీరైట్ అంటే ఏందో ఒక్క పీరియడ్ మంచిగ చెప్పెటోళ్లు గావాలె."

నేను ఇంకా ఊఁ అనకముందే అసలు మాట చెప్పింది. "చిన్న టీచరమ్మను అడిగినం. సొంత పాట ఉన్న మనిషి గదా, ఆమె చెప్తే పిల్లలకు ఎక్కుతదని. గొంతు బాగలేదంట, మా అక్కను పిలువున్రి అన్నది. ఇంకోటి టీచర్, బడి గోడమీద ఎక్కాల పాట రాయిస్తున్నం. కింద చిన్న టీచరమ్మ పేరు పెడుతున్నం. శనివారం పిల్లలతోటి పాడిస్తం. మీరు గూడ రావాలె."

వస్తానన్నాను. ఫోను పెట్టాక చూసుకుంటే గింజలూ గుజ్జూ ఒకే గిన్నెలో వేసి ఉన్నాను. చిన్న టీచరమ్మ అంటే నా తోడికోడలు, మా మరిది భార్య. ఆ ఎక్కాల పాట రాసినది నేను.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే మా పుట్టింటి దాకా వెళ్లాలి. మా బాపుకు ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం దుకాణం ఉండేది. గల్లా అంటే ధాన్యమే, ఆ గల్లా దుకాణాలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది, గింజలు కొలిచేవాడు మొదటి కుంచం పోస్తూ ఒకటి అనడు, లాభం అంటాడు. బేరం మంచిమాటతో మొదలుకావాలని అది పెద్దల నాటి ఆచారం. లాభం, రెండు, మూడు అని సాగదీసి పాడినట్టే లెక్కపెడతాడు. మా దుకాణంలో కొలిచే తాత గొంతు వీధి చివరికి వినబడేది. కుంచంలో గింజలు జారే చప్పుడూ, అంచు మీద పేరిన తలగట్టు అరచేత్తో కొట్టేసే చప్పుడూ, దాని మీద ఆయన అంకె. నేను బడికి వెళ్లకముందే ఆ వరుసలో లెక్క నేర్చాను. నాకు చాలా రోజులు ఒకటి అనే అంకె ఉందని తెలియదు. బడిలో మొదటిరోజు పంతులమ్మ వేలు చూపించి ఎన్ని అంటే లాభం అన్నాను, తరగతంతా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో కూడా నాకు నా మాటే సరైనదనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

పెళ్లయి ఇత్తడి సామాన్ల వ్యాపారస్తుల ఇంట్లో పడ్డాను. మా మామగారి దుకాణం చార్మినార్ వెనక సందులో ఉండేది, అక్కడ బిందెలూ గంగాళాలూ తూచి అమ్ముతారు కాబట్టి కొలత పాట వినబడే వీలు లేదు. కోడలు ఉద్యోగం చేయడం మా అత్తగారికి ఇష్టం లేకపోయినా, ఆడపిల్లల బడి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉందని మామగారు సరేనన్నారు. నా పెద్దకూతురికి ఎక్కాలు ఎంత చెప్పినా తలకెక్కేవి కావు. ఒక వర్షాకాలం, బడికి సెలవిచ్చిన మధ్యాహ్నం, దాన్ని ముందు కూర్చోబెట్టుకుని కందులు విసురుతూ విసురుతూ తిరగలి తిరిగే లెక్కకు మాటలు కట్టాను.

లాభం జతకు రెండమ్మా,
రెండు జతలకు నాలుగమ్మా,
మూడు జతలకు ఆరమ్మా,
మూటలు విప్పే జోరమ్మా!

రెండో ఎక్కానికి లాడ్‌బజార్ గాజుల జతలు, మూడుకు ముక్కాలి పీటలు, నాలుగుకు తోపుడుబండి చక్రాలు, ఆరుకు చీమ కాళ్లు, ఎనిమిదికి సాలీడు కాళ్లు, ఇలా పన్నెండు దాకా కట్టుకుంటూ పోయాను. పదకొండో ఎక్కానికి ఏ వస్తువూ దొరక్క నాలుగు రోజులు కూరలో ఉప్పు మరిచిపోయాను. చివరకు గిల్లీదండా ఆడే పిల్లల జట్టును పెట్టుకున్నాను, జట్టుకు పదకొండుమంది ఉండాలన్న నియమం ఆ ఆటలో లేదని మా వారు ఎగతాళి చేశారు. అయినా ప్రతి ఎక్కం లాభంతోనే మొదలయ్యేది. అది మా బాపు దుకాణం నుంచి నేను తెచ్చుకున్న సారె అనుకునేదాన్ని.

తరువాత ఆ పాట నా తరగతికి వెళ్లింది. ఏళ్ల తరబడి మూడో తరగతి పిల్లలు దాన్ని పాడుకుంటూ బయటికి వెళ్లారు, ఎవరూ ఇది ఎవరు రాశారు అని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజుల్లో బడిలో పుట్టినదానికి పేరు తగిలించే అలవాటు మనకు ఉండేదా? ఇంట్లో ముగ్గు కూడా అంతే, పొద్దున ఎదురింటివాళ్ల వాకిట్లో చూసిన చుక్కలు మధ్యాహ్నానికి కాగితం మీదికి, మరుసటి రోజుకు మన వాకిట్లోకి. పుస్తకం లోపలి అట్టమీద సర్వహక్కులు రచయితవి అని చదివినప్పుడు అది పుస్తకాలు అచ్చు వేయించుకోగలిగిన మగవాళ్ల సంగతి అనుకునేదాన్ని.

నా గొంతు సంగతి కూడా చెప్పాలి. పిండి గిర్నీలో జొన్నలు పట్టిస్తున్నట్టు ఉంటుందని మా మరిది అనేవాడు. నేను పాడితే పిల్లలకు లెక్క వచ్చేది, అంతే, వినాలనిపించేది కాదు.

అప్పుడు మా ఇంటికి తోడికోడలు వచ్చింది. మలక్‌పేట పిల్ల, గుర్రపు పందేల మైదానం వెనక ఇల్లు, సంగీతం నేర్చుకున్నది. వచ్చిన వారానికే మా అత్తగారు మంగళవారం పూజలో కొత్తకోడలు పాట పాడేదాకా హారతి ఆపుతోందని గమనించాను. రెండు నెలలకు మా బడిలోనే పాట టీచరుగా చేరింది, నేను పెద్ద టీచరమ్మను, ఆమె చిన్న టీచరమ్మ అయ్యాము. నా పాట విని, అక్కా దీనికి మంచి బాణీ కడతానంది, కట్టింది. నిజం చెప్పాలి కదా, మంచి బాణీ. కొలిచే తాత వరుసలో బండిచక్రంలా ఒకే చోట తిరిగేది, ఆమె దాన్ని మెట్లెక్కించింది, ప్రతి ఎక్కానికీ చివరి అంకె దగ్గర పిల్లలు గొంతెత్తి నిలబడేలా చేసింది. నేను పాటను ఎత్తుకుని పెంచాను, ఆమె దానికి పట్టులంగా తొడిగింది. పట్టులంగా తొడిగినవాళ్లనే లోకం తల్లి అంటుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అది రేడియోలో పిల్లల కార్యక్రమంలో వచ్చింది. ఆమె వెళ్లి పాడి వచ్చిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మామగారు దుకాణం కట్టేసి రేడియోను మా ఇంటి అరుగుమీద పెట్టించారు, సందులోని వాళ్లంతా చేరారు, ఎదుటి అత్తరు దుకాణం పెద్దాయన కూడా కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. నేను లోపల పూరీలు వత్తుతున్నాను. కార్యక్రమం పెట్టే ఆవిడ ముందుగా నా తోడికోడలి పేరు చెప్పింది, పాట వచ్చింది, పాట అయిపోయాక మళ్లీ ఆమె పేరే చెప్పింది. నా పేరు ఎక్కడా లేదు. అంతకంటే నా గుండెలో గుచ్చుకున్నది మొదటి మాట. లాభం జతకు అని కాదు, ఒక్క జతకు రెండమ్మా అని పాడింది. పాడితే ఇంకా తియ్యగా కూడా ఉంది, అదీ నా బాధ.

పాట ముగిసీ ముగియగానే వాకిట్లో లొల్లి. మస్తుగ పాడిందని మా వారే అన్నారు. మా అత్తగారు లోపలికి తొంగిచూసి నన్ను కేకేసింది.

"ఏయ్ పెద్దపిల్లా, ఉప్పూ మిరపకాయలూ తే! పాపకు ఊరంత దిష్టి తగిలింది!"

తెచ్చాను. నేను రాసిన పాటకు ఆమెకు దిష్టి తీశారు, ఉప్పు నా చేతిలోనిది, మిరపకాయలు నేను ఎండబెట్టినవి. పొయ్యిలో వేస్తే ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టని అంటారు. ఘాటు రాలేదు. నాకు మాత్రం కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. ఆ వారం నేను ఆమెతో మాట్లాడలేదు. తరువాత మాట్లాడాను, ఒకే వంటింట్లో మాట్లాడక ఎలా కుదురుతుంది, ఉప్పందుకో పప్పందుకో అని అన్నీ మాట్లాడుకున్నాము, ఆ ఒక్క సంగతి తప్ప. కొన్నేళ్లకు వాళ్లు వేరుపడి సంతోష్‌నగర్ వెళ్లిపోయారు. పెళ్లిళ్లలో ఎవరో ఒకరు వచ్చి ఎక్కాల టీచరమ్మ మీరేనా అని ఆమె కాళ్లకు మొక్కేవారు, నేను పక్కన కూర్చుని బంధువులకు పెట్టే చీరలు మడతపెట్టేదాన్ని. దీన్ని అసూయ అనే అంటారు, వేరే పేరు పెట్టి మెత్తగా చేయదలచుకోలేదు.

బడి నుంచి ఫోను వచ్చిన సాయంత్రం, లా చదువుతున్న నా కూతురి కూతుర్ని పిలిచి కూర్చోబెట్టుకున్నాను. కాపీరైట్ కోసం ఎక్కడ స్టాంపు వేయించాలి అని అడిగితే అది నవ్వింది.

"స్టాంపూ లేదు గీంపూ లేదు అమ్మమ్మా. నువ్వు రాసిన్నాడే నీదైపోయింది. నువ్వున్నన్నాళ్లు, నీ తర్వాత ఇంకో అరవై ఏండ్లు."

"పేరు లేకపోయినా?"

"పేరు పెట్టమని అడిగే హక్కు గూడ నీదే. నీ మాటలు నీ పరువు పోయేటట్టు మార్చేస్తే కాదనే హక్కు గూడ. గని మొదలు నువ్వే రాసినవని తెలియాలె గదా."

అరవై ఏళ్లు! నేను పోయాక కూడా అరవై ఏళ్లు ఆ పాట నాది. ఆ రాత్రి తృప్తిగా అన్నం తిన్నాను. దుకాణంలో మాట, వీధిలో ఆచారం ఎవరి సొత్తూ కాదనీ, వాటితో మనం కట్టిన మాటల వరుస మాత్రమే మనదనీ కూడా మనవరాలు చెప్పింది. సరే, లాభం అనే ఆచారం నాది కాకపోనీ, దాన్ని పాట మొదట పెట్టినదాన్ని నేనే.

శుక్రవారం మూడో పీరియడ్‌లో తరగతికి వెళ్లాను. నలభైకి ఒకరు తక్కువ ఆడపిల్లలు. నేను చెప్పిన కాలానికి పలకలు ఉండేవి, ఇప్పుడు బల్లల కింద ఫోన్ల వెలుతురు కనబడుతుంది. ముందుగా ఏమీ చెప్పకుండా అందరినీ తలా ఒక బోనం బొమ్మ గీయమన్నాను. పది నిమిషాల తర్వాత తిరిగి చూస్తే ఒక్కొక్క బోనం ఒక్కోలా ఉంది, ఒకదానికి వేపకొమ్మ పెద్దది, ఒకదానికి దీపం వంకర, వెనక బెంచీలో ఒక సాయిబుల అమ్మాయి కుండ మీద చార్మినార్ గీసింది. బోనం ఎవరిది అని అడిగితే అమ్మవారిదన్నారు, అందరిదన్నారు. నువ్వు గీసిన ఈ బొమ్మ ఎవరిది అంటే నాది అన్నారు. కాపీరైట్ అంటే ఇంతే, బోనం అందరిది, నీ బొమ్మ నీది, పక్కది దాన్ని దింపుకుని తన పేరు రాసుకుంటే తప్పు అని చెప్పాను. చాలాసేపు పట్టే పాఠం అనుకున్నాను, బోనం దాన్ని రెండు నిమిషాల్లో చెప్పేసింది.

అప్పుడు రెండో బెంచీలో రెండు జడల పిల్ల లేచింది. ఫోన్ల దొరికినవి అందరియి కావా టీచరమ్మా అని అడిగింది. మీ ఇంటి ముందు ఎవరో చెప్పులు విడిస్తే అవి అందరివా అన్నాను. ఇంకో పిల్ల, "మా అన్న గట్లనే గుడికాడ తొడుక్కొచ్చిండు టీచర్!" అంది, తరగతంతా పగలబడి నవ్వింది. టీచర్లు పాఠం కోసం వాడుకోవడానికి చట్టంలో వీలుంది, ఎక్కడినుంచి తెచ్చారో చెప్పడం మాత్రం మర్యాద అని చెబుతుంటే ఆ రెండు జడల పిల్ల మళ్లీ లేచింది.

"మరి ఎక్కాల పాట ఎవరిది టీచరమ్మా?"

నేను నోరు తెరవకముందే మిగతా ముప్ఫై ఎనిమిది గొంతులు ఒకేసారి, "చిన్న టీచరమ్మది!"

చేతిలోని సుద్దముక్క విరిగింది. ముక్కలు బల్లమీద పెట్టి, మాటలు రాసినది నేను అని చెప్పాను. ఇన్నేళ్లలో ఆ మాట నలుగురి ముందు పలకడం అదే మొదలు. పిల్లలు నన్ను చూసిన చూపులో నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు, కొత్త లెక్క ఇచ్చినప్పుడు ఉండే చూపు ఉంది. రెండు జడల పిల్ల మాత్రం వదిలిపెట్టలేదు.

"మరి రాగం ఎవరు కట్టిన్రు?"

"ఆమే."

"పాడింది?"

"ఆమే."

"గట్లయితే టీచరమ్మా, మూడుల రెండు ఆమెయే గదా!"

పిల్ల తప్పు చెప్పలేదు. మాటలు రాసినవారికి మాటల మీద, బాణీ కట్టినవారికి బాణీ మీద, పాడినవారికి తాము పాడినదాని మీద వేరు వేరు హక్కులని నేనే అంతకుముందు బోర్డుమీద రాశాను. జీవితమంతా లెక్కను నమ్ముకున్నదాన్ని, నా హక్కు నేనే చెప్పుకున్న రోజున లెక్క వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

అయినా ఆ మూడింట ఒక వంతు నాకు కావాలనిపించింది. గోడ మీద కావాలనిపించింది. హెడ్మిస్ట్రెస్ గదిలో కూర్చుని సంగతి చెబితే ఆ పిల్ల, అంటే ఇప్పుడు యాభై దాటిన మనిషి, మెల్లగా చెప్పింది. "మీ మాట మీద నాకు నమ్మకం లేక కాదు టీచర్. ఊరంత ఆమె పాటనే అంటది. ఆమె ఒక్క మాట అంటే చాలు, పేరు మార్పిస్త." అంటే నా పేరు నా నోటితో చెల్లదు, ఆమె నోటితోనే చెల్లుతుంది.

బడి నుంచి నేరుగా ఆటో ఎక్కి సంతోష్‌నగర్ వెళ్లాను. దారంతా ఆమెతో ఏం అనాలో వరుస పేర్చుకున్నాను, మొదట ఇది, తరువాత అది, చివరకు దిష్టి సంగతి. తలుపు తీసింది. మొదటి మాట విన్నాక నా వరుసంతా చెదిరింది.

"రా అక్కా, ఇన్నాళ్లకు తొవ్వ దొరికిందా?"

ఆ గొంతు ఆమెది కాదు. మెడ దగ్గర ఆపరేషను అయిందని విన్నాను గాని ఇంతగా మారిందనుకోలేదు. బొంగురుగా, అంచులు అరిగి, అచ్చం నా గొంతులా ఉంది. మా మరిది లోపలి గదిలోంచి, "ఇద్దరు ఒక్కతీరే మాట్లాడుతున్రు, ఎవరు ఏందో సమజైతలేదు!" అని అరిచాడు. నాకు నవ్వు రావలసింది, రాలేదు. ఇన్నేళ్లు ఈర్ష్యపడిన సొమ్ము ఎదుటివాళ్ల ఇంట్లో కూడా లేదని తెలిస్తే మనిషికి ఏమవుతుందో నాకు అప్పుడు తెలిసింది, సంతోషం మాత్రం కాదు.

చాయ్ తెచ్చింది. గోడ సంగతి, పేరు సంగతి చెప్పాను. ఆమె కొంగుతో గ్లాసు పట్టుకుని నింపాదిగా విన్నది.

"గింతదానికా? పెట్టుకో అక్కా, నీ పాటనే గదా. నేనెప్పుడన్న కాదన్ననా?"

"నాదని ఎప్పుడన్న అన్నవా మరి?"

"అన్న. రేడియోల అన్న. మైకు ముందల కూసోని, ఇది మా అక్క రాసిందని మంచిగ చెప్పిన. పాటకు ముందటి ముచ్చటంత కోసేసిన్రు, టైం సాలలేదంట."

నా చేతిలో చాయ్ చల్లారిపోతోంది. "నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పనిస్తివా? వారం దినాలు మూతి ముడుచుకోని కూసుంటివి. తర్వాత చెప్తే, ఇప్పుడు కతలు చెప్తున్నదంటవని ఊకున్న."

"లాభం ఎందుకు తీసినవ్?"

ఆమె నవ్వింది, దగ్గు వచ్చింది. "గాడ రేడియోల ఒకాయన నవ్విండక్కా. ఏందమ్మా గిది, బడి పాటనా దుకాణం పాటనా అన్నడు. నాకు సిగ్గైంది. నేనే మార్చిన. నీకు గావాలంటే మళ్ల పెట్టుకో. నీ హక్కే గదా."

చిన్నప్పుడు బడిలో మొదటి రోజు నన్ను చూసి తరగతి నవ్విన నవ్వు, ఇన్నేళ్లకు మళ్లీ ఎదురైంది. రేడియోలో నా పేరు చెప్పానన్న మాట నిజమో, నన్ను పంపేయడానికి అప్పటికప్పుడు అల్లినదో నాకు ఈరోజుకీ తెలియదు. కోసేసిన మాటలు ఎక్కడికి పోతాయి, వాటిని ఎవరు తెచ్చి చూపిస్తారు? అక్కడే నా ఎదుటే హెడ్మిస్ట్రెస్‌కు ఫోను చేసి, మాటలు మా అక్కయి, రాగం నాది, ఇద్దరి పేర్లు రాయున్రి అని చెప్పింది. అంత తేలిగ్గా ఇచ్చేసింది. మనం ఇన్నేళ్లు పిడికిలి బిగించి అడగాలనుకున్నది ఎదుటివాళ్లు తాంబూలం ఇచ్చినంత తేలిగ్గా ఇస్తే, వాళ్లకు అది ఎంత మిగులుగా ఉందో అర్థమై ఇంకా మండుతుంది.

శనివారం పొద్దున తొమ్మిదింటికే బడికి వెళ్లాను. చాంద్రాయణగుట్ట వైపు నుంచి వచ్చిన పెయింటరు భాయ్ నిచ్చెన మీద కూర్చుని చివరి అక్షరాలు దిద్దుతున్నాడు. పసుపు గోడ, నీలం అక్షరాలు, కింద నా పేరు, పక్కన ఆమె పేరు. నా పేరు మీదనే ముందుగా చూపు ఆగిందని దాచను. తరువాత పైకి చూశాను. ఒక్క జతకు రెండమ్మా అని ఉంది, పదకొండు ఎక్కాల మొదటా ఒక్క అనే ఉంది.

మార్చాలన్నాను. ఇంత బాగున్నదాన్ని ఎందుకు చెరపాలన్నట్టు భాయ్ బ్రష్ ఆపి నావైపు వింతగా చూశాడు.

"ఇత్నా అచ్ఛా దిఖ్రా అమ్మా, కాయ్‌కూ మిటానా?"

"రాసినదాన్ని నేను, భాయ్. నా మాట అది కాదు."

"క్యా లిఖ్నా ఫిర్?"

"లాభం."

ఆయన పెద్దగా నవ్వాడు. "హమారే నానా బోల్తే థే అమ్మా! గల్లా నాప్తే వఖ్త్!" వాళ్ల అమ్మ తండ్రి కూడా గంజ్‌లో ధాన్యం కొలుస్తూ ఈ మాటే అనేవాడట. ఈ ఊళ్లో ఆ మాట తెలిసినవాళ్లలో నేను కాక ఇంకొకరు నిచ్చెన మీద దొరికారు. ఇంకేమీ అడగకుండా పసుపు రంగు పూసి, ఎండ తగలనిచ్చి, పదకొండు చోట్లా నీలంతో లాభం అని రాశాడు. ఆ గంటన్నర నేను గొడుగు వేసుకుని నిలబడే ఉన్నాను. నా తోడికోడలు ఆటో దిగి వచ్చి నా గొడుగు కిందికే చేరింది. గోడను పైనుంచి కిందిదాకా చదువుకుంది.

పదకొండింటికి పిల్లలను వరుసగా నిలబెట్టారు. హెడ్మిస్ట్రెస్ ఇద్దరి పేర్లూ చదివింది, ముందు నాది. చప్పట్లు కొట్టారు. గోడమీద చూసి పాడండి అంది. పిల్లలు గోడవైపు తిరిగారు, మూరెడేసి అక్షరాలు, కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. అందరూ గొంతెత్తి పాడారు.

ఒక్క జతకు రెండమ్మా.

చూస్తూనే పాడారు. కళ్లు లాభం మీద ఉన్నాయి, నోళ్లు ఒక్క అంటున్నాయి. రెండు జడల పిల్ల మాత్రం మూడో ఎక్కం మొదట్లో నావైపు చూసి గట్టిగా లాభం అంది. తానొక్కతే అన్నదని పక్కవాళ్లు చూసేసరికి సిగ్గుపడి, నాలుగో ఎక్కానికి వాళ్లతో కలిసిపోయింది. నా తోడికోడలు పెదవులు కదుపుతోంది, గొంతు రావడంలేదు. ఆమె ఏ మాటతో మొదలుపెడుతోందో తెలుసుకోవాలని చివరిదాకా ఆ పెదవులనే చూశాను, గొడుగు నీడలో తెలియలేదు.

ఇప్పుడు గింజలు కొలిచేవాళ్లు లేరు. ప్యాకెట్ల మీద తూకం అచ్చువేసి వస్తుంది, గీతల మీద వెలుతురు పడితే కీచుమని లెక్క తేలిపోతుంది, మొదటి అంకెకు మంచిమాట పలకవలసిన పని ఎవరికీ లేదు. మన రోజుల్లో పాటకు పేరు ఉండేది కాదు, నోళ్లు ఉండేవి. ఇప్పుడు పేరుకు అరవై ఏళ్ల గడువు ఉంది, గోడ ఉంది, చట్టం ఉంది. పిల్లలకు అది చెప్పాలి, నేను చెప్పాను, అడిగితే మళ్లీ వెళ్లి చెబుతాను. చట్టం పెయింటరు చేత మాట మార్పించగలదు. పిల్లల నోట్లోకి చేయి పెట్టలేదు, పెట్టకూడదు కూడా.

సోమవారం ఆ దారిన కూరగాయలకు వెళుతూ గోడ చూశాను. ఎండకు రంగు గట్టిపడింది. ఇంటికి వచ్చి కూర్చుని, పోయినవి ఏమిటో లెక్క కట్టుకున్నాను. పాటలో మొదటి మాట. కొలిచే తాత వరుస. నా తోడికోడలి గొంతు. రేడియోవాళ్లు కోసేసిన ముచ్చట, అది ఉన్నట్టయితే. ఆమె మీద నా కోపంలో సగం. మిగతా సగం ఇంకా నా దగ్గరే ఉంది.